అరుపు అబద్ధం, విజిల్ నిజం

"చప్పట్లు కొట్టినం మేడం," అంది శ్రావణి. "డ్రిల్లు మంచిగ చేసినమని ముగ్గురం చప్పట్లు కొట్టినం. అప్పటికి జ్యోతి ఇంక లోపల్నే ఉన్నది."

రెబెకా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఎస్సైగా ఉన్నన్నాళ్లూ, ఆ ఉద్యోగం వదిలి కాజీపేటలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన తరవాతా ఆమె చాలా వాంగ్మూలాలు విన్నది. తప్పు చేసినవాళ్లు ఏడవడం చూసింది, చేయనివాళ్లు ఏడవడమూ చూసింది. ఈ పిల్ల ఏడవడం లేదు. రెండు అరచేతులూ ఒడిలో వెల్లకిలా పెట్టుకుని, అవి ఇంకెవరివో అన్నట్టు చూస్తోంది.

"మొదటి నుంచి చెప్పు బిడ్డా. నాకు విమానాల సంగతి తెల్వదు. ఒక్కసారి కూడ ఎక్కలేదు."

"మేం కూడ ఎక్కలేదు మేడం."

స్టేషన్‌లో ఆ గది తలుపు దగ్గర ఆడ కానిస్టేబుల్ రమ నిలబడి ఉంది. బయట బల్ల మీద శ్రావణి తల్లి మొగిలమ్మ టిఫిన్ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పరకాల నుంచి తెల్లవారుజామునే వచ్చి, రెబెకా ఆఫీసు తాళం తీయకముందే మెట్ల మీద కూర్చున్న మనిషి. సాయంత్రానికల్లా తన బిడ్డని హత్య కేసులో కోర్టుకు తీసుకుపోతారని ఎవరో చెప్పారు. అది నిజమే. సీఐ శ్రీనివాస్ కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాడు.

శ్రావణి చెప్పడం మొదలుపెట్టింది. మామునూరు రోడ్డులో ఒక పెద్ద రేకుల షెడ్డు. అందులో ఎయిర్ హోస్టెస్ కోర్సు నేర్పే అకాడమీ. పాత విమానం తుక్కులో వెనక సగం కొనుక్కొచ్చి షెడ్డులో నిలబెట్టారు. వరసగా సీట్లు, చివర టాయిలెట్. విమానంలో పొగ వస్తే సిబ్బంది ఏం చేయాలో ఆ టాయిలెట్ దగ్గరే నేర్పుతారు. ఒకరు మంట ఆర్పాలి, ఒకరు పైలట్‌కు చెప్పాలి, ఒకరు సామాను అందించాలి. ఇంకొకరు లోపల కూర్చుని, దొంగతనంగా సిగరెట్టు కాల్చి ఇరుక్కుపోయిన ప్రయాణికురాలిగా నటించాలి. నిన్న పొద్దున ఆ వంతు జ్యోతిది. కేసముద్రం పిల్ల. హాస్టల్లో శ్రావణి మంచం పక్క మంచం ఆమెదే.

"టాయిలెట్ తాళం ఎప్పుడో పాడైంది మేడం. అందుకని బయట గడియ కొట్టించిన్రు. మాకు నేర్పే అభిషేక్ సార్ గడియ పెట్టినంక డ్రిల్లు మొదలైతది. లోపలున్నోళ్లు అరుస్తరు, తలుపు గుద్దుతరు. ఎంత అరిస్తే అన్ని మార్కులు. అరుపులకు బెదిరి, పొగ పీల్చకుండ తలకు తొడిగే హుడ్ పెట్టుకోకుండ, పైలట్ చెప్పకుండ తలుపు తీసినమా, ఫెయిల్."

"మరి లోపల నిజంగనే ఏమన్న అయితే?"

"విజిల్ ఊదాలె. లోపలికి పోయేటోళ్ల మెడల సార్ విజిల్ ఏస్తడు. అది ఇనపడ్డదా, ఎక్కడోళ్లు అక్కడ ఇడిచిపెట్టి తలుపు తీయాలె. 'అరుపు అబద్ధం, విజిల్ నిజం'. గోడ మీద రాయించిండు సార్. పొద్దుగాల రాంగనే అందరం ఒక్కసారి చదువుతం."

"తలుపు వేడిగ అనిపించలేదా?"

"అనిపించింది. చెయ్యి వెనక పక్క ఆనించి చూసిన, మాకు గట్లనే నేర్పిన్రు. కాని ఎప్పుడూ వేడిగనే ఉంటది మేడం. నిజం లెక్క ఉండాలని సార్ లోపలి నుంచి వేడినీళ్ల సంచి కడ్తడు."

"పొగ?"

"డ్రిల్లుకు సార్ పెట్టే మిషిన్ల పొగ తెల్లగ వస్తది. నిన్న తలుపు కిందికెల్లి జర నల్లగ వచ్చింది. సామాను అందించే మా హరీష్ ఏమన్నడంటే, 'సార్ ఇయ్యాల కొత్త మందు పోసిండు చూడే' అన్నడు. నవ్వినం. తర్వాత హుడ్ తొడుక్కున్నం. అది తొడుక్కుంటె వాసన రాదు, మాట కూడ సరిగ ఇనపడది. పైలట్ లెక్క ముందర కూసున్నది అభిషేక్ సారే. ఫోన్‌ల 'ఆగున్రి, ఆగున్రి' అన్నడు. ఆగినం. జ్యోతి అరిచింది. నా పేరు పెట్టి పిలిచింది. నేను అనుకున్న, అబ్బ, ఇయ్యాల దీనికి ఫుల్ మార్కులు అని."

రమ తల తిప్పుకుంది.

"తర్వాత సప్పుడు ఆగింది. సార్ 'వెరీ గుడ్, డ్రిల్ ఓవర్' అన్నడు. చప్పట్లు కొట్టినం. గడియ తీసిన." శ్రావణి అరచేతులు బోర్లించింది. "విజిల్ మోగలేదు మేడం. యేసయ్య మీద ప్రమాణం చేయమన్నా చేస్త, మా కొమ్మాల నర్సింహస్వామి మీద చేయమన్నా చేస్త. మోగలేదు."

"మొన్న సాయంత్రం మీరిద్దరు కొట్లాడుకున్నరంట?"

శ్రావణి తల వంచుకుంది. "అది వేరే సంగతి. సార్ పరువు సంగతి. గురువు గదా మేడం, నా నోటితో చెప్పను."

"ఆ సార్ చెప్పినందుకే నిన్ను ఈడ కూసోబెట్టిన్రు. మీ ఇద్దరికి ఒక్క ఉద్యోగం కాడ పోటీ వచ్చిందని, పగ బట్టి నువ్వు గడియ తీయలేదని ఆయనే స్టేట్‌మెంట్ ఇచ్చిండు."

ఆ పిల్ల ముఖంలో అప్పుడు కనిపించింది కోపం కాదు. క్లాసులో తప్పు లెక్క చెప్పిన మాస్టారిని చూసినప్పటి తెల్లబోవడం.

"సార్ అట్ల అన్నడా?"

*

షెడ్డు దగ్గర సీఐ శ్రీనివాస్ విమానం మెట్ల మీదే ఎదురయ్యాడు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో శిక్షణ పొందినవాళ్లు. అప్పటి నుంచీ ఒకరంటే ఒకరికి పడదు.

"ఏం రెబెకా, పెండ్లి సంబంధాల ఎంక్వైరీలు తక్కువైనయా? నా కేసు మీద పడ్డవ్?"

"తక్కువేం కాలే. పిల్లగాడు పోలీసైతే మంచోడేనా అని చానమంది అడుగుతాన్రు. ఏం చెప్పాల్నో తెలుస్తలేదు."

క్లూస్ టీమ్ కానిస్టేబుల్ నవ్వు దాచుకోవడానికి పెట్టె మీదికి వంగాడు. శ్రీనివాస్ నవ్వలేదు.

"చూసుకో. చేతులు పెట్టకు. పన్నెండున్నరకు ఆ పిల్లను తెచ్చి ఎట్ల జరిగిందో చేయించి చూపిస్త. ఐదింటికి మేజిస్ట్రేట్ ముందర పెడత. అప్పటిదాక నీ ముచ్చట తీర్చుకో."

గోడ మీద నీలం రంగుతో ఆ నినాదం రాసి ఉంది. దాని పక్కనే నిలువెత్తు ఫొటో: యూనిఫాంలో నవ్వుతున్న అభిషేక్. కింద, 'నింగిలో మంటను ఆర్పిన వీరుడు, మన గురువు' అని ఉంది.

రెబెకా టాయిలెట్ లోపలికి తొంగి చూసింది. ఒక మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగిలే గది. మసి పైనుంచి కిందికి చారలు కట్టింది. అద్దం ఎత్తులో తలుపు మీద అరచేతి గుర్తులు ఉన్నాయి. అంతకన్నా ఎక్కువ గుర్తులు నేలకు జానెడు ఎత్తులో ఉన్నాయి. మూలన నీళ్లలో తడిపి మడిచిన చున్నీ, సగం కాలి ఉంది.

"డాక్టర్ ఏమన్నడు?"

"పొగకే పోయింది. లోపలికి పోంగనే కండ్లు తిరిగి పడిపోయి ఉంటది. యాక్టింగ్ కోసం నిజం సిగరెట్టు ముట్టించింది. చెత్తడబ్బల కాయితాలు అంటుకున్నయ్. అది యాక్సిడెంటే. కాని బయట గడియ కాడ నిలబడ్డది ఆ శ్రావణి. ఇని కూడ తీయలేదు. అది మర్డర్."

"పోంగనే పడిపోయిందా?" రెబెకా మోకాళ్ల మీద కూర్చుంది. "ముందుగాల నిలబడి గుద్దింది. తర్వాత చున్నీ తడిపి మూతికి కట్టుకున్నది. పొగ పైకి పోతదని నేల మీద పండుకుని తలుపు కొట్టింది. ఏం నేర్పిన్రో అన్నీ చేసింది సీనూ. పడిపోయిన మనిషి చేసే పనులా ఇవి?"

శ్రీనివాస్ వంగి ఆ చున్నీ చూశాడు.

సింకు కింద చెత్తడబ్బా ఉంది. అందులో కాలిన కాగితం తక్కువ, కరిగి గట్టిపడిన స్పాంజి ఎక్కువ. పాత సీట్లలోంచి పీకిన స్పాంజి. నల్లపొగ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది. రెబెకా పెన్ను మొనతో బూడిద కదిపింది. అడుగున చిన్న రేకు ముక్క మెరిసింది. మధ్యలో నాలుకలా లేచిన మొన ఉన్న రేకు.

"ఇదేంది?"

"దోమల కాయిల్ పెట్టే స్టాండు. షెడ్డుల దోమలుండవా?"

"ఉంటయి. కాని చెత్తడబ్బల ఎవలు పండుకుంటరు?"

కానిస్టేబుల్ ఈసారి నవ్వలేదు. కాయిల్ చివర మెల్లగా కాలుతూ పోయి స్పాంజికి తగలడానికి ఎంతసేపు పట్టాలో, ముక్క పొడవుని బట్టి ఎవరైనా ముందే నిర్ణయించుకోవచ్చు. మిషన్ పొగ నిండిన గదిలో ఆ వాసన ఎవరూ పట్టుకోలేరు.

"నిన్న శ్రావణి ఎప్పుడొచ్చింది?"

శ్రీనివాస్ కాస్త ఆగి చెప్పాడు. "తల్లిని చూసి రానీకి పరకాల పోయిందట. బస్సు లేటైందని ఆమె కోసమే అందరు ఆగిన్రు. రాంగనే డ్రిల్లు."

"అంటే కాయిల్ ముట్టించినప్పుడు ఆమె బస్సుల ఉన్నది."

"ఇంకెవరితోనన్న పెట్టించి ఉంటది," అన్నాడు శ్రీనివాస్. గొంతులో ముందున్న బిగువు లేదు.

అభిషేక్ అప్పుడే లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చెడని తెల్ల చొక్కా, ఎర్రబడ్డ కళ్లు. నిన్నటి నుంచీ నిద్రపోలేదని తనే చెప్పాడు. అడిగినదానికల్లా నెమ్మదిగా, మర్యాదగా జవాబిచ్చాడు.

"మీరు 'ఆగున్రి' అని ఎందుకన్నరు?" అడిగింది రెబెకా.

"అదే ట్రైనింగ్ మేడం. ఒత్తిడిలో ఓపిక పట్టడం. నేను ముందు భాగంలో కూర్చుంటా, నాకు వెనక ఏమీ కనిపించదు."

"విజిల్ సంగతి?"

"నేను ఒక్కరోజు కూడా దాన్ని నిర్లక్ష్యం చేయలేదు." అతని గొంతు మొదటిసారి పైకి లేచింది. "గోడకున్న కొక్కెం నుంచి తీసి, అందరి ముందు గట్టిగా ఊది చూపించి, నా చేత్తో మెడలో వేసి, లోపలికి పంపి గడియ పెడతా. నిన్న కూడా అంతే చేశా. పిల్లలందర్నీ అడగండి."

"స్టేట్‌మెంట్లు చూసిన. అందరు అదే చెప్పిన్రు. గట్టిగ మోగిందట," అంది రెబెకా.

"మధ్యల ఇంకెవలు ముట్టుకోలేదా?"  శ్రీనివాస్ అడిగాడు.

"నా నోటి నుంచి ఆమె మెడకే సార్. ఇంకెవరికీ అవకాశం లేదు." అభిషేక్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ అమ్మాయి ఎందుకు ఊదలేదో దేవుడికే తెలియాలి."

శ్రీనివాస్ వాచీ చూసుకున్నాడు.

"అభిషేక్ గారు, మా బండి కాన్వాయ్ డ్యూటీకి పోయింది. మీ వ్యాన్‌ల స్టేషన్‌కు పోయి, రమను, ఆ పిల్లను తీసుకొస్తరా?"

"తప్పకుండా సార్." అతను మెట్లు దిగి వెళ్లాడు.

*

వ్యాను చప్పుడు గేటు దాటాక రెబెకా అంది, "విజిల్ చూపించు."

"దాంట్ల ఏమున్నది? మెడలనే ఉండె. సీల్ చేసినం."

"ఊదిన్రా?"

శ్రీనివాస్ ఆమెను వింతగా చూశాడు. "సచ్చిపోయిన పిల్ల మెడల విజిల్‌ను ఎవలు ఊదుతరు రెబెకా?"

ఎవరూ ఊదరు. ఊదరని తెలిసినవాడు ఒకడు ఉన్నాడని ఆమెకు అప్పుడే తోచింది. ఆ ఆలోచన నచ్చలేదు. అయినా చేయి చాపింది. శ్రీనివాస్ ఒక్క క్షణం సందేహించి, కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. అతను చేతికి గ్లౌజు తొడుక్కుని, సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. ఎర్ర తాడు, మసి పట్టిన ప్లాస్టిక్ విజిల్.

"నోటితోటి వద్దు. వేలిముద్రల పొడి ఊదే రబ్బరు బుడ్డి ఉంటది గదా నీ దగ్గర? ముందుగాల ఆ కొక్కెం మీది వేరే విజిల్ పట్టు."

కానిస్టేబుల్ కొక్కెం మీది విజిల్ నోటికి రబ్బరు బుడ్డి ఆనించి నొక్కాడు. కీచుమని మోగింది. రేకుల షెడ్డంతా ఆ చప్పుడు తిరిగింది. దూరంగా గేటు దగ్గర వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

"ఇప్పుడు అది."

కానిస్టేబుల్ జ్యోతి విజిల్‌కు బుడ్డి ఆనించి నొక్కాడు. ఏమీ లేదు. మళ్లీ నొక్కాడు. గాలి వెనక్కి తన్ని బుడ్డి పక్క నుంచి బుస్సుమంది. మూడోసారి నొక్కబోతుంటే శ్రీనివాస్ చేయి అడ్డం పెట్టాడు.

రెబెకా ఫోన్ టార్చి వెలిగించి విజిల్ కంతలోకి చూసింది. లోపల బూడిదరంగు ముద్ద, రాయిలా గట్టిపడి ఉంది. నల్లా పైపు లీకులకు పెట్టే సీలు ముద్ద. అది అంత గట్టిపడడానికి గంటలు పడుతుంది; డ్రిల్లుకు చాలా ముందే ఎవరో పెట్టి ఉండాలి.

వెలుతురు కొంచెం పక్కకు జరిగింది. విజిల్ నోరు పట్టుకునే చోట ప్లాస్టిక్ నలిగి ఉంది. పైన నాలుగు, కింద మూడు. పంటి గాట్లు.

కానిస్టేబుల్ రబ్బరు బుడ్డి కిందికి దించాడు.

"ఊదింది," అన్నాడు శ్రీనివాస్. అది ప్రశ్న కాదు. ఆయన పక్క సీటు వీపు పట్టుకున్నాడు. "ఊదుకుంటనే ఉన్నది."

రెబెకా టార్చి ఆర్పింది. అరిస్తే నటన అనుకుంటారని ఆ పిల్లకు తెలుసు. అందుకే అరవడం మానేసి విజిల్ నోట్లో పెట్టుకుంది. బయట తన పేరు తెలిసిన ముగ్గురు, ఒక పలచటి తలుపు అవతల, ఆ ఒక్క చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని నిలబడి ఉన్నారు.

"సీనూ, ఆయన ఏమన్నడు? ముగ్గురి ముందర ఊదితే మోగిందన్నడు. పిల్లలూ అదే అన్నరు, అది నిజం. మోగిన విజిల్ వేరే, మెడల పడ్డ విజిల్ వేరే. నడుమ ఎవలు ముట్టుకోలేదని కూడ ఆయనే అన్నడు."

"నా నోటి నుంచి ఆమె మెడకే," అన్నాడు శ్రీనివాస్ మెల్లగా, అభిషేక్ మాటనే.

"తన నోటితోటే చెప్పిండు."

"ఎందుకు? ఆ పిల్ల ఏం చేసింది?"

మెట్ల కింద అలికిడైంది. మొగిలమ్మ. కూతుర్ని ఇక్కడికే తెస్తున్నారని విని, బస్సెక్కి వచ్చి వాచ్‌మన్‌ను బతిమాలుకుని లోపలికి వచ్చింది. టిఫిన్ గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. రెబెకా మెట్లు దిగి ఆమె దగ్గరికి వెళ్లింది.

"అవ్వా, శ్రావణి, జ్యోతి మొన్న ఎందుకు కొట్లాడుకున్నరో నీకు తెలుసా?"

"నాకు చెప్పింది మేడం, ఎవ్వలకు చెప్పద్దని." మొగిలమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఇద్దరు ఐదరాబాదుల ఇంటర్వ్యూకు పోయిన్రు గదా. ఆడ ఒక పెద్ద మేడం, మీ గురువెవరని అడిగిందట. ఈ సార్ పేరు చెప్తే నవ్విందట. 'ఆ ఇమానంల మంట ఆర్పింది నేను, మీ సారు ఆనాడు ఇమానంలనే లేడు, కింద సామాన్ల కాడ పని చేస్తుండె' అన్నదట. ఆ జ్యోతి బిడ్డ ఊకుంటదా? 'సార్‌నే అడుగుత, ఫొటో తీసెయ్యమంట' అన్నదట. నా బిడ్డ వద్దన్నది. గదీ కొట్లాట."

"అడిగిందా?"

"ఆ రాత్రే అడిగి, నా బిడ్డకు ఫోన్ల చెప్పిందట. సారు నవ్వి, 'ఇంకెవలకు తెలుసు' అన్నడట. 'నాకు, శ్రావణికి' అన్నదట పిచ్చిది."

రెబెకా వెనక్కి తిరిగింది. మెట్ల పైన నిలబడ్డ శ్రీనివాస్ అంతా విన్నాడు. ఇద్దరి చూపులూ ఒక్కసారే గోడ మీది ఫొటో వైపు వెళ్లి, ఒక్కసారే ఖాళీగా ఉన్న గేటు వైపు తిరిగాయి. ఒక పిల్ల పొగకు పోయింది. రెండో పిల్ల తను చేసిన పనికి కుమిలిపోయి ప్రాణం తీసుకుందని అతను నమ్మిస్తే, ఈ కేసులో ఇక అడిగేవాళ్లుండరు.

శ్రీనివాస్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "రమా, ఎక్కడున్నరు? ... ఏంది? ... నువ్వు ఎందుకు దిగినవ్?"

ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. రమ ఆయాసపడుతోంది.

"పెట్రోల్ బంకు కాడ సార్. పిల్లకు కండ్లు తిరుగుతున్నయట, జర నీళ్ల బాటిల్ తెండి మేడం అన్నడు సారు. దిగి రెండడుగులేసిన్నో లేదో వ్యాను పోయింది సార్. ఉరికిన. అందలేదు. మన దిక్కు రాలే సార్, కాలువ కట్ట దిక్కు మళ్లింది."

శ్రీనివాస్ రెండు మెట్లు ఒక్కసారి దిగుతూ కంట్రోల్ రూమ్‌కు అరవడం మొదలుపెట్టాడు. వ్యాను నంబరు సగం చెప్పి మర్చిపోయాడు. గేటు దగ్గర బైకు తాళాల కోసం కానిస్టేబుల్ జేబులు తడుముకుంటున్నాడు. ఆ వ్యానును తన నోటితో పంపింది శ్రీనివాసే.

ఇదంతా ఏమిటో మొగిలమ్మకు అర్థం కాలేదు. పెద్దవాళ్లు పనిలో ఉన్నారని మాత్రం అనుకుంది. గిన్నె మెట్టు మీద పెట్టి, కొంగు ముడి విప్పి పాత ఫోన్ తీసింది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక మీట నొక్కింది.

విమానం లోపల ఫోన్ మోగింది.

మొదటి సీటు మీద, క్లూస్ టీమ్ సామాన్ల మధ్య, స్టేషన్‌లో శ్రావణి దగ్గర తీసుకుని సీలు వేసిన కవరులో, వెలుగుతూ ఆరుతూ అది మోగుతూనే ఉంది. ఆ పిల్ల చేతిలో ఇప్పుడు ఫోను కూడా లేదు.

మొగిలమ్మ ముఖం విప్పారింది. గిన్నె తీసుకుని గబగబా మెట్లెక్కబోయింది.

"లోపల్నే ఉన్నదా నా బిడ్డ? చెప్పరైతిరి మేడం," అంది.